నీటికి మొహమాటం లేదు

ఒక మనిషి ఒక పనిని నిన్నటికంటే ఇవాళ బాగా చేస్తున్నాడంటే నిజానికి ఏం మారినట్టు? కండ పెరిగిందా, తెలివి పెరిగిందా, లేక ఆ పనితో అతనికున్న సంబంధమే మారిందా? పని పెద్దదైతే ఈ ప్రశ్నకు జవాబు చిక్కదు. వైద్యం, సేద్యం, బోధన వంటి పనుల్లో మెరుగుదలకు వంద కారణాలుంటాయి, వంద ఫలితాలుంటాయి. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయలేం. అందుకే చాలా చిన్న పనిని, దాదాపు ప్రయోజనం లేని పనిని ముందు పెట్టుకుని ఆలోచించడం మేలనిపిస్తుంది. నేను ఎంచుకున్నది స్టాండప్ పాడిల్‌బోర్డింగ్‌లో తెడ్డు వేసే ఒడుపు. నీటి మీద తేలే ఒక బోర్డు, దాని మీద నిలబడ్డ మనిషి, చేతిలో ఒకే ఒక తెడ్డు. మనిషికీ ప్రపంచానికీ మధ్య జరిగే లావాదేవీని ఇంతకంటే తక్కువ సరంజామాతో చూడటం కష్టం.

ముందు ఆ పనిని దగ్గరగా చూద్దాం. బోర్డు మామూలుగా పది అడుగులు దాటి ఉంటుంది. పందేలకు వాడేవి 14 అడుగుల దాకా ఉంటాయి. నడుమ మోసుకెళ్లడానికి ఒక పిడి ఉంటుంది. దానికి అటొక పాదం, ఇటొక పాదం, భుజాలంత ఎడంగా పెట్టి నిలబడాలి. మోకాళ్లు బిగుసుకోకూడదు. చూపు పాదాల మీద కాక దూరంగా ఉండాలి. తెడ్డు మనిషి ఎత్తుకంటే ఓ జానెడు ఎక్కువ. దాని కింది భాగం, అంటే బ్లేడు, కర్రకు తిన్నగా ఉండదు. సుమారు పది డిగ్రీలు ముందుకు వంగి ఉంటుంది. తెడ్డు పాదాల దగ్గరికి వచ్చే వేళకు బ్లేడు నిటారుగా నిలిచి, నీటిని పైకి ఎత్తకుండా వెనక్కే నెట్టాలని ఆ వంపు పెట్టారు. కొత్తవాళ్లు చాలామంది దాన్ని తిరగేసి పట్టుకుంటారు. వంపు తమవైపు ఉంటే నీళ్లు బాగా తోడుకోవచ్చని వారికి అనిపిస్తుంది. నీటిని తోడుకోవలసిన సరుకుగా చూసే అలవాటు చేతుల్లో ముందే ఉందన్నమాట.

వారి మనసులో ఉండే బొమ్మ దాదాపు ఒకటే. తెడ్డు ముంచాలి, నీటిని వెనక్కి తోయాలి, ఎంత గట్టిగా తోస్తే అంత ముందుకు పోతాం. 1687లో న్యూటన్ ప్రచురించిన సూత్రాల ప్రకారం చూస్తే ఇందులో తప్పేమీ లేదు. నీటిని వెనక్కి నెడితే అది మనల్ని ముందుకు నెడుతుంది. అయితే నీరు నేల లాంటిది కాదు, నెట్టగానే జరిగిపోతుంది. మనం పెట్టిన శక్తిలో కొంత బోర్డుకు చేరుతుంది, మిగిలింది నీటిని కదిలించడంలోనే ఖర్చైపోతుంది. ఏది ఎంత అన్నదే ఒడుపు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పది కిలోల నీటిని సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కి పంపామనుకోండి. లేదా ఒక్క కిలో నీటిని సెకనుకు పది మీటర్ల వేగంతో పంపామనుకోండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే రెండుచోట్లా పదే వస్తుంది కనుక బోర్డుకు అందే తోపు సమానమే. కానీ నీటికి ధారపోసిన శక్తి మొదటిసారి 5 జౌళ్లు, రెండోసారి 50 జౌళ్లు. ఆ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. అదే ఫలితానికి పది రెట్ల ఖర్చు. కొంచెం నీటిని విసురుగా కొట్టేవాడు త్వరగా అలిసిపోతాడు; ఎక్కువ నీటిని నిదానంగా పట్టుకున్నవాడు దూరం వెళతాడు. నురగ, చప్పుడు, తుంపర వంటివి చూసేవారికి గొప్ప శ్రమగా కనిపిస్తాయి. ఇక్కడ అవన్నీ నష్టానికి గుర్తులు.

నేర్పేవాళ్లు తెడ్డు వేయడాన్ని దశలుగా విడదీసి చెబుతారు: ముందుకు చాచడం, బ్లేడును ముంచి నీటిని పట్టుకోవడం, లాగడం, బయటికి తీయడం, మళ్లీ ముందుకు తెచ్చుకోవడం. వీటిలో అందరూ ఎక్కువ పట్టించుకునేది రెండోది. దాన్ని క్యాచ్ అంటారు. బ్లేడు మొత్తం మునిగాకే బలం పెట్టాలి. సగం మునగగానే లాగేస్తే బ్లేడు వెంట గాలి కూడా నీళ్లలోకి దిగుతుంది, పట్టు జారుతుంది. అది మునగడానికి సెకనులో చిన్న ముక్క చాలు. ఆ ముక్కసేపు ఆగడం మాత్రం అందరివల్లా కాదు. బలహీనులకంటే బలవంతులకే అది ఎక్కువ కష్టం. చేతిలో సిద్ధంగా ఉన్న బలాన్ని కాసేపు వాడకుండా ఉంచుకోవడం వారికి ఎవరూ నేర్పలేదు. బలం ఉందంటే వాడాల్సిందేనన్న తొందర మన రాజకీయాల్లో, ఇళ్లలో, ఆఫీసుల్లో కూడా కనిపిస్తుంది. కానీ నేను అంత దూరం అప్పుడే వెళ్లదలచుకోలేదు.

తెడ్డును మీ దగ్గరికి లాక్కోకండి, మీరే తెడ్డు దగ్గరికి వెళ్లండి అంటారు శిక్షకులు. గట్టున పాతిన గుంజను అందుకుని పడవను ఒడ్డుకు చేర్చుకునే మనిషి గుంజను కదిలించాలనుకోడు. బ్లేడును కూడా నీళ్లలో పాతుకుపోయిన గుంజగానే ఊహించుకుని బోర్డును దాని దాకా తీసుకెళ్లాలి. భౌతికశాస్త్రం దృష్టిలో ఈ రెండు మాటలకూ పెద్ద తేడా లేదు. ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారన్నది చూసే చోటును బట్టి ఉంటుంది. అయినా రెండో మాట విన్న శరీరం వేరేగా పనిచేస్తుంది. మోచేతులు మడవడం తగ్గుతుంది. నడుము దగ్గర వంగి, మొండెం తిప్పి చాచడం మొదలవుతుంది. చేతి కండలు ఒంటరిగా మోస్తున్న భారాన్ని వీపు, పొట్ట, తొడలు పంచుకుంటాయి. ఒకే సంగతిని మరో రకంగా ఊహించుకున్నందుకే కండరాల పని మారిపోతే, ఊహ అనేది మనం అనుకున్నంత తేలికైనది కాదు. లోకాన్ని తనవైపు లాక్కోవలసిన వస్తువుగా ఊహించుకున్న మనిషీ, తానే కదిలి చేరవలసిన చోటుగా ఊహించుకున్న మనిషీ ఒకే రకంగా బతుకుతారా? అలా బతకరనే నా అనుమానం. కానీ తెడ్డు దగ్గర నిజమైంది బతుకులో నిజమని చెప్పాలంటే ఇంకా చాలా దూరం నడవాలి.

జర్మన్ తాత్వికుడు కాంట్ తన 'శుద్ధహేతు విమర్శ' పీఠికలో ఒక పావురాన్ని తలుచుకుంటాడు. 1781లో వచ్చిన పుస్తకం అది. గాలిని చీల్చుకుంటూ ఎగిరే పావురం గాలి తనను అడ్డుకుంటోందని గమనించి, గాలే లేని చోట ఇంకా హాయిగా ఎగరగలనని అనుకోవచ్చునంటాడు. అనుభవాన్ని వదిలి కేవల భావాల శూన్యంలోకి ఎగరబోయిన ప్లేటో గురించి చెబుతూ తెచ్చిన పోలిక అది. తెడ్డు పట్టిన మనిషికి ఈ సంగతి చదవకుండానే అనుభవమవుతుంది. బోర్డును వెనక్కి పట్టేదీ నీరే, ముందుకు పంపేదీ నీరే. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. అందుకే దాన్ని చీల్చుకుని పోవడం కష్టం. అందుకే దాన్ని పట్టుకుని పోవడం సాధ్యం. అడ్డు లేని చోట ఆసరా కూడా ఉండదు.

దీన్ని విని, కష్టాలే మనిషిని తీర్చిదిద్దుతాయని తేల్చేయడం సులువు. సుఖంగా ఉన్నవాళ్లు కష్టంలో ఉన్నవాళ్లకు తరచు చెప్పే మాట ఇది. నీరు ఆ మాటను ఒప్పుకోదు. తెడ్డు వేసేవారికి రెండు రకాల నిరోధం ఎదురవుతుంది. బ్లేడు దగ్గర అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. బోర్డు కింద ఎంత తక్కువుంటే అంత మంచిది. పందెపు బోర్డును సన్నగా, పొడుగ్గా, ముక్కు పదునుగా చేసేది రెండోదాన్ని తగ్గించడానికే. ఏ అడ్డు మనకు ఆసరా, ఏ అడ్డు వట్టి బరువు అన్న వివేకమే అసలు విషయం. ఒక పిల్లకు కష్టమైన లెక్క ఆసరా కావచ్చు. బడికి దారి లేకపోవడం ఎప్పటికీ ఆసరా కాదు. రెండింటినీ కలిపి కష్టం గొప్పదని పొగిడేవారు ఆ పిల్లకు మేలు చేయడం లేదు.

ఆసరా ఎక్కడుందన్న ప్రశ్న తెడ్డు వేయడంలో ఇంకోచోట కూడా వస్తుంది. కొత్తవాళ్లకు పడిపోతామన్న భయం ఉంటుంది. అందుకని పై చేతిని ఛాతీకి దగ్గరగా, బోర్డు లోపలే ఉంచుకుంటారు. దాంతో కర్ర ఏటవాలుగా నీళ్లలోకి దిగుతుంది, బ్లేడు బోర్డుకు దూరంగా ఒక వంపు గీస్తుంది. ఫలితంగా బోర్డు ముక్కు అవతలివైపు తిరుగుతుంది, మాటిమాటికీ తెడ్డును ఇటు నుంచి అటు మార్చుకోవలసి వస్తుంది. నిటారుగా దిగాలంటే పై చేయి కూడా బోర్డు అంచు దాటి, కింది చేతికి సరిగ్గా పైన, నీటి మీదికి రావాలి. భయపడే శరీరానికి ఇది నచ్చదు. కానీ మునిగి, పట్టు దొరికిన బ్లేడు పాదాల తర్వాత మూడో ఆధారంగా పనిచేస్తుంది. తెడ్డు నీటిలో ఉన్నప్పుడే తూగు బాగుంటుంది. పైకెత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డప్పుడే తడబాటు ఎక్కువ. భయం మనల్ని దేనికి దూరంగా ఉంచుతోందో దానిలోనే ఆధారం ఉండవచ్చు. ఎప్పుడూ అలా ఉంటుందని కాదు. భయాలన్నీ మూఢం కావు. తీరం నుంచి సముద్రంలోకి గాలి వీస్తున్న రోజున లైఫ్ జాకెట్ లేకుండా, బోర్డుకు కాలిని కలిపే తాడు లేకుండా వెళ్లకపోవడం పిరికితనం కాదు. భయాన్ని పరీక్షించి చూడాలి తప్ప దాన్ని జయించాలన్న పంతం పెట్టుకోకూడదు.

ఇక తెడ్డును బయటికి తీయడం. లాగడం పాదాల దగ్గర ముగియాలంటారు. బ్లేడు పాదాలను దాటి వెనక్కి పోతే అది ఏటవాలై నీటిని పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. పైకి ఎత్తిన నీరు మనల్ని కిందికి నొక్కుతుంది. బోర్డు తోక మునిగి, వేగం తగ్గుతుంది. అక్కడ చేసే పని వృథా మాత్రమే కాదు, ఎదురు తిరిగిన పని. అయినా దాదాపు అందరూ మొదట్లో పాదాలు దాటించి లాగుతారు. ఆ చివరి భాగంలో భుజానికి బరువు బాగా తెలుస్తుంది, బరువు తెలిస్తే ఏదో సాధిస్తున్నట్టు అనిపిస్తుంది. మనం కొలిచేది ముందుకు వెళ్లిన దూరాన్ని కాదు, పడ్డ శ్రమను. ఒక వాదం గెలిచాక కూడా సాగదీసే మనిషిని, పిల్లలు ఎదిగాక కూడా పగ్గం వదలని తల్లిదండ్రులను, కాలం చెల్లినా పదవి విడవని నాయకుడిని చూసినప్పుడు వారిని నడిపించేది స్వార్థమొక్కటేనా, లేక తమ ప్రయత్నపు బరువును తామే ప్రేమించడమా అని నాకు సందేహం వస్తుంది. ఆపడం కూడా పనిలో భాగమే. దాన్ని ఎవరూ చప్పట్లు కొట్టి మెచ్చుకోరు.

శ్రమనూ ఫలితాన్నీ విడదీసి చూడమన్నానని, ఫలితం రానివారి శ్రమలో ఒడుపు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిలబడ్డ మనిషి ఒళ్లంతా గాలికి తెరచాపే. ఎదురుగాలి బలంగా ఉంటే ఎంత చేయి తిరిగినవారైనా ముందుకు పోలేరు. మోకాళ్ల మీద కూర్చోవాలి, లేదా పడుకుని చేతులతో ఈదాలి. ఒడ్డున నిలబడి చూసేవారికి గాలి కనిపించదు, మనిషి కదలకపోవడమే కనిపిస్తుంది. వెంటనే అతని తెడ్డు మీద వ్యాఖ్యానం మొదలవుతుంది. మన కాలంలో మెరుగుదల పేరుతో అమ్ముడుపోయే పుస్తకాలు, ప్రసంగాలు చాలావరకు ఈ పనే చేస్తున్నాయి. జీతం పెరగని కూలీకీ, గిట్టుబాటు ధర రాని రైతుకీ, ఉద్యోగం దొరకని పట్టభద్రుడికీ మీ పద్ధతి మార్చుకోండి అని చెబుతాయి. పద్ధతి మార్చుకోవడం మంచిదే. కానీ గాలి గురించి మాట్లాడకుండా తెడ్డు గురించి మాత్రమే మాట్లాడటం అబద్ధం చెప్పడంతో సమానం.

గాలి లేని రోజున కూడా హద్దు ఉంది. నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ వేగాన్ని నిలపడానికి ప్రతి సెకనుకూ కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగాన్ని రెట్టింపు చేయాలంటే ఇంచుమించు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. కాబట్టి మొదట్లో చిన్న దిద్దుబాటుకే పెద్ద ఫలితం వస్తుంది, పోనుపోను పెద్ద దిద్దుబాటుకు చిన్న ఫలితం మిగులుతుంది. ఇక ఏది సరైన పద్ధతి అన్నదానికీ ఒకే జవాబు లేదు. తహితి పడవ పందేల నుంచి వచ్చిన పద్ధతిలో తెడ్డు బాగా ముందు దిగుతుంది, లాగడం పొట్టిగా ఉంటుంది, లయ వేగంగా సాగుతుంది. పొడుగ్గా లాగి, బోర్డును జారనిచ్చే పద్ధతి ఇంకొకటి. పొడుగరికి నప్పింది పొట్టివారికి నప్పకపోవచ్చు. ఇరవై ఏళ్ల వెన్నుకు సులువైనది అరవై ఏళ్ల వెన్నుకు హాని కావచ్చు. మెరుగు అన్న మాట వినగానే ఎవరికి, దేనికి అని అడగాలి. ఆ ప్రశ్న అడగని మెరుగుదల ఒక కొలతకు మనుషులందరినీ నరికి సరిచేస్తుంది.

ఇంతవరకు నేను రాసినదంతా చదివినవారికి తెడ్డు వేయడం వస్తుందా? రాదు. తాత్వికుడు గిల్బర్ట్ రైల్ 1949లో ప్రచురించిన 'ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్' పుస్తకంలో ఒక సంగతి తెలియడం వేరు, ఒక పని చేయడం తెలియడం వేరు అని వాదించాడు. చేతికి వచ్చిన పని వెనుక ఎప్పుడూ తలలో చదివిన సూత్రం ఉండనక్కర్లేదని అతని భావం. మరో తాత్వికుడు మైకేల్ పొలానీ 1958లో ప్రచురించిన 'పర్సనల్ నాలెడ్జ్'లో సైకిల్ తొక్కేవారు తాము పడిపోకుండా ఎలా ఉంటున్నారో చెప్పలేరని గుర్తుచేశాడు. వారిద్దరికీ ఎన్నో శతాబ్దాల ముందు చైనా తాత్వికుడు చ్వాంగ్‌త్సు పేర వచ్చిన గ్రంథంలో భీకర ప్రవాహంలో ఈదే ఒక మనిషి కథ ఉంది. నీ విద్య ఏమిటని కన్‌ఫ్యూషియస్ అడిగితే, నాకు ప్రత్యేకమైన విద్యేమీ లేదు, నీటి దారినే పోతానని ఆ ఈతగాడు అంటాడు. మరి మాటలు ఎందుకు? మాట పనిని నేర్పలేదు గానీ, చూపును ఒకచోట నిలపగలదు. ఇవాళ పై చేయి సంగతి మాత్రమే చూడు, రేపు పాదాల సంగతి చూద్దాం అని చెప్పగలదు. అన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకున్నవారు నీళ్లలో పడతారు. ఒక్కదాన్నే గమనించినవారికి కొన్నాళ్లకు అది గమనించవలసిన అవసరం తీరిపోతుంది. తెలివి అప్పుడు ఎక్కడికి పోయినట్టు? అరచేతిలోకా, అరికాలిలోకా? శరీరాన్ని వాహనంగా, మనసును సారథిగా చెప్పే పాత బొమ్మకు ఇక్కడ చోటు దొరకదు.

నేర్చుకునేవారికి దిద్దుబాటు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. మన బతుకులో దిద్దుబాటు మొహమాటాల మధ్య నలిగిపోతుంది. వండిన కూర బాలేదని చుట్టం చెప్పడు. రాసిన కవిత పేలవంగా ఉందని మిత్రుడు చెప్పడు. పైవాడి నిర్ణయం తప్పని కిందివాడు అసలే చెప్పడు. నీటికి మొహమాటం లేదు. బ్లేడు సరిగా మునగకపోతే పట్టు జారుతుంది, కర్ర వాలితే ముక్కు తిరుగుతుంది; మంత్రికైనా కూలికైనా అంతే. తాత్వికురాలు ఐరిస్ మర్డాక్ 1970లో వచ్చిన 'ది సావరిన్టీ ఆఫ్ గుడ్' పుస్తకంలో ఒక కొత్త భాష నేర్చుకోవడాన్ని ఉదాహరణగా తీసుకుంది. ఆ భాష మనకోసం మారదు. మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా దానికంటూ ఒక కట్టడి ఉంది. దాని ముందు నిజాయతీగా ఉండక తప్పదు. అలా తనకు వెలుపల ఉన్నదాన్ని శ్రద్ధగా చూడటంలోనే నీతికి మూలముందని ఆమె వాదన. నీరూ అటువంటి గురువే. తన గురించి తాను చెప్పుకునే కథలు పనిచేయని ఒక చిన్న చోటును అది మనిషికి ఇస్తుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. నీటిని బాగా ఎరిగినవాళ్లంతా మంచివాళ్లా? సముద్రపు దొంగలకు ఒడుపు తక్కువేం లేదు. మనుషులను బానిసలుగా అమ్మడానికి అట్లాంటిక్ దాటించిన ఓడలను నడిపింది గొప్ప నావికులే. గాలినీ అలనూ అంత శ్రద్ధగా చదివినవారు తమ కాళ్ల కిందే, ఓడ అడుగున, గొలుసులతో ఉన్న మనుషుల మూలుగును వినలేదు. కనుక నైపుణ్యం నుంచి మంచితనానికి వంతెన దానంతటదే పడదు. శ్రద్ధ ఒకచోట అలవడితే మరోచోటికి పాకుతుందన్న హామీ చరిత్ర ఇవ్వలేదు. మర్డాక్ మాటలో నిజముంది, కానీ అది సగమే. నీటి ముందు నిజాయతీ నీటి ముందే ఆగిపోవచ్చు. మిగతా సగం మనుషుల మధ్య నేర్చుకోవలసిందే.

నీటికి మొహమాటం లేదన్నాను. దానికి వివరణ కూడా లేదు. ముక్కు తిరిగిందని చెబుతుంది, ఎందుకు తిరిగిందో చెప్పదు. వేగం తగ్గిందని చెబుతుంది, పై చేయి లోపలుందనో పాదాలు దాటి లాగావనో చెప్పదు. పైగా ఈ పనిలో ఎవరి వాలు వారికి కనబడదు. నా కర్ర నిటారుగా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. పక్క నుంచి చూసేవారికి అది ఎంత వాలిందో కనిపిస్తుంది. లోపలి అనుభూతి, బయటి చూపు ఒకదానితో ఒకటి సరిపోలవు. అలాగని బయటి చూపే నిజమని కాదు. ఏ క్షణాన పట్టు దొరికిందో, ఏ మోకాలు నొప్పి దాచుకుంటోందో తెడ్డు వేసేవారికే తెలుసు. ఇద్దరికీ చెరో ముక్క తెలుసు. రెండు ముక్కలూ కలిస్తేనే దిద్దుబాటు. వీడియో కొంత సాయపడుతుంది గానీ, అందులో ఏం చూడాలో చెప్పడానికి మళ్లీ ఇంకో మనిషి కావాలి.

ఈ ఆట పుట్టుక ఈ సంగతికి బలం ఇస్తుంది. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో హవాయి దీవుల్లోని వైకీకీ తీరంలో పర్యాటకులకు సర్ఫింగ్ నేర్పి బతికే స్థానికులుండేవారు. వారిని బీచ్ బాయ్స్ అనేవారు. జాన్ 'పాప్స్' ఆ చోయ్ వంటివారు పొడుగాటి సర్ఫ్ బోర్డుల మీద నిలబడి, పడవ తెడ్లతో నడుపుకుంటూ వెళ్లేవారు. నిలబడితే కొత్తగా నేర్చుకునేవారు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో బాగా కనబడుతుందనీ, ఫొటోలు తీయడానికీ అనువుగా ఉంటుందనీ అలా చేశారని చెబుతారు. చాలా ఏళ్ల తర్వాత మావుయి దీవిలో లెయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటి సర్ఫర్లు దాన్ని తిరిగి చేపట్టాక అది లోకమంతా పాకింది. ఇప్పుడు మొలొకాయి నుంచి ఒవాహు దాకా జలసంధి మీదుగా 32 మైళ్లు ఇలా నిలబడి దాటే పందెం ఉంది. పందెంలో గడియారం కొలమానం. గడియారం కూడా నిక్కచ్చిగా నిజం చెబుతుంది, కానీ ఒక్క నిజమే చెబుతుంది. పుట్టినప్పుడు ఈ భంగిమకు వేగంతో పని లేదు. నేర్చుకునే ఇంకొకరి మీద ఒక కన్ను వేసి ఉంచడానికి అక్కరకొచ్చిన భంగిమ ఇది.

నీటి మీది ఆ పని బీచ్ బాయ్స్‌కు జీవనోపాధి కూడా. మన దగ్గర కూడా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల్లో మత్స్యకారులు తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టిన తెప్పల మీద, చేతిలో తెడ్డుతో కెరటాలను దాటి వేటకు వెళ్లేవారు. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. ఏ కెరటానికి ఆగాలో, ఏ కెరటం వెనుక దూకాలో, బలం ఎప్పుడు పెట్టాలో వారి చేతులకు తెలుసు. ఇప్పుడు ఆ చోటును ఫైబర్ పడవలు, ఇంజన్లు చాలావరకు ఆక్రమించాయి. అదే తీరంలో రుషికొండ దగ్గర యువతీయువకులు డబ్బు చెల్లించి బోర్డు మీద నిలబడటం నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడం సంతోషమే, నీటి దగ్గరికి వెళ్లే మనిషిని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ ఒక ప్రశ్న నన్ను వదలదు. తీరిక ఉన్నవారు చేస్తే టెక్నిక్ అని గౌరవించే దాన్ని పొట్టకోసం చేసినవారి దగ్గర కులవృత్తి అని ఎందుకు పక్కన పెట్టాం? క్యాచ్ గురించి ఇన్ని పేజీలు రాయగలిగిన కాలం, తెప్ప మీది చేతుల జ్ఞానాన్ని అడిగి తెలుసుకోవడానికి ఎన్ని పేజీలు కేటాయించింది? ఇది జాలి కోసం అడిగేది కాదు. మనిషి జ్ఞానాన్ని మొత్తంగా లెక్కపెట్టాలనుకుంటే, అరచేతుల్లో దాచిన భాగాన్ని వదిలేసిన లెక్క తప్పు అవుతుంది.

మెరుగుపడటమంటే లోకం మీద మన బలాన్ని పెంచుకోవడమని ఒకప్పటి నమ్మకం. తెడ్డు వేయడాన్ని ఎంత పరిశీలించినా నాకు ఆ నమ్మకానికి సాక్ష్యం దొరకలేదు. పట్టు దొరికేదాకా ఆగడం, ఆసరానూ భారాన్నీ వేరుచేయడం, ముగిసినచోట వదిలేయడం, తనకు కనబడని తన వాలును ఇంకొకరి కళ్లతో చూడటం, ఇవే దొరికాయి. ఇవన్నీ తనకు వెలుపల ఉన్నదాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడంలోని మెట్లు. వీటివల్ల మనిషి మంచివాడవుతాడని నేను హామీ ఇవ్వలేను. మంచివాడు కాదలచుకున్న మనిషికి మాత్రం ఇవి లేకుండా కుదరదు.

ఈ నాలుగింటిలో మొదటి మూడూ నీరు నేర్పగలదు. నాలుగోది దానికి చేతకాదు. నీటికి మొహమాటం లేనట్టే దయ కూడా లేదు. తప్పు చేస్తే పడేస్తుంది, మరుక్షణం మరిచిపోతుంది. మనుషుల్లో చాలామందికి దయ ఉంటే నిజం చెప్పలేరు, నిజం చెబితే దయ మిగలదు. నీ కర్ర వాలుతోంది, ఇదిగో ఇటు అని పక్కవారికి కించపరచకుండా, దాచిపెట్టకుండా చెప్పగలగడం, అలా చెప్పినప్పుడు కోపగించుకోకుండా వినగలగడం మనుషులు ఒకరికొకరు నేర్పుకోవలసిన విద్య. ఎవరి తెడ్డైనా నిజంగా మెరుగుపడాలంటే ముందుగా అలా చెప్పే మనిషినీ, అలా వినే మనసునూ సంపాదించుకోవాలి. ఇంట్లో, బడిలో, పని చోట, ఎన్నికల వేళ మనకు కొరతగా ఉన్నదీ అదే. నీటి మీద అది అభ్యాసం చేయడం సులువు, ఎందుకంటే అక్కడ పడినా తడుస్తామంతే. ఆ అభ్యాసాన్ని ఒడ్డు మీదికి తెచ్చుకునే బాధ్యత మాత్రం మనదే.